పగడాల తొట్టెకి ఏ లైటు పెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఉప్పునీటి తొట్టెల గురించి రాసిన దగ్గర్నుంచి ఉత్తరాలు, మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. అందులో సగానికి పైగా లైటు గురించే. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి, కాస్త కుదించి, ఈసారి వాటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్): హాల్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తున్న గాజు తొట్టె పెట్టి రెండు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు బాగా తిరుగుతున్నాయి. ఇప్పుడు కోరల్స్ (పగడాలు) పెట్టాలని ఉంది. షాపతను లీటరుకి ఒక వాట్ లెక్కన 60 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ చాలంటున్నాడు, మా తమ్ముడేమో 150 వాట్లది తీసుకో అంటున్నాడు. ఎన్ని వాట్లు కొనమంటారు?

జవాబు: వాట్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. లైటు ఎంత కరెంటు తీసుకుంటుందో చెప్పేది వాట్, ఆ వెలుతురులో కోరల్‌కి పనికొచ్చేది ఎంతో అది చెప్పదు. లీటరుకి ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబులైట్ల కాలంలో పుట్టింది, అప్పట్లో ట్యూబులన్నీ ఇంచుమించు ఒకేలా వెలిగేవి కాబట్టి అప్పటికి నడిచింది. ఎల్‌ఈడీలు అలా కాదు, ఒకే 60 వాట్లలో ఒకటి కోరల్‌ని పెంచుతుంది, ఇంకోటి హాల్లో గోడకి వెలుగునిస్తుంది అంతే.

ముందు మీరు తేల్చుకోవాల్సింది ఏ కోరల్ పెడతారన్నది. లైటు దాని తర్వాతే. నాకొచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది లైటు కొనేసి ఆ తర్వాత ఇందులో ఏం బతుకుతుందని అడుగుతున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోరల్ మొక్క కాదు, జంతువు. కానీ దాని కండలో కంటికి కనపడనంత చిన్న పాచి కాపురం ఉంటుంది, జూజాంథెల్లే అంటారు. ఆ పాచి వెలుతురుతో చక్కెరలు తయారు చేసుకుని, వాటిలో పెద్ద వాటా అద్దె కట్టినట్టుగా కోరల్‌కి ఇస్తుంది. మనం పెట్టే లైటు నిజానికి ఆ పాచి కోసం. ఆ పాచి వాడుకోగలిగిన కాంతిని కొలిచే లెక్కే పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో చెబుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు 2000 ఉంటుంది. తొట్టెలో అంత అక్కర్లేదు. మెత్తని రకాల్లో మష్రూమ్ కోరల్స్‌కి 50 నుంచి 80 దాకా ఉంటే హాయిగా ఉంటాయి, జోవాంథిడ్స్‌కి, లెదర్ కోరల్స్‌కి 80 నుంచి 150 సరిపోతుంది. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా లాంటి గట్టి పగడాలు మాత్రం 200 దాటి, 300 దాకా అడుగుతాయి. వాటి గురించి కింద విశాఖ పాఠకుడికి రాసింది కూడా చదవండి, మన దేశంలో వాటిని ఇంట్లో పెట్టాలనుకునే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఉంది.

మీ తొట్టె కొలతలకి దాదాపు 70 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోగా 55 ఉంటాయేమో. మెత్తని కోరల్స్ వరకే అయితే, రీఫ్ (పగడాల తొట్టె) కోసం చేసిన 40 నుంచి 60 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది, నీటి మట్టానికి 20, 25 సెంటీమీటర్ల పైన పెట్టండి. కెసిల్ ఏ160 అని 40 వాట్లది ఒకటుంది, ఏఐ ప్రైమ్ ఉంది, రెడ్ సీ వాళ్ల రీఫ్‌ఎల్‌ఈడీ 50 ఉంది, ఇవన్నీ ఈ సైజు తొట్టెలకి జనం వాడుతున్నవే. తక్కువ ధర లైట్లు కూడా చాలా వస్తున్నాయి, వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి. ఏది కొన్నా మూడు విషయాలు చూడండి: నీలం, తెలుపు విడివిడిగా తగ్గించి పెంచుకునే వీలుండాలి, టైమర్ ఉండాలి, పార్ చార్ట్ ఇచ్చి ఉండాలి. ఏ ఎత్తులో పెడితే ఎంత లోతున, మధ్యలో ఎంత, అంచుల్లో ఎంత పడుతుందో ఆ చార్టులో ఉంటుంది. చార్టు ఇవ్వని లైటు అయితే నేను కొనను.

ఇంకొకటి. రెండడుగుల పొడవుకి ఒకే లైటు మధ్యలో వేలాడదీస్తే మధ్యలో మండిపోతుంది, రెండు చివర్లలో చీకటిగా ఉంటుంది, రాతి వెనకాల నీడ పడిన చోట కోరల్ ఒకవైపే పెరుగుతుంది. డబ్బు సర్దుకుంటే ఒక పెద్ద దాని బదులు చిన్నవి రెండు మేలు. ఒకటే కొంటే దాన్ని కాస్త ఎత్తులో పెట్టి, ఎక్కువ వెలుతురు కావాల్సినవి మధ్యలో పైన, మష్రూమ్‌లు చివర్లలో కింద పెట్టుకోండి. మీ తమ్ముడు చెప్పిన 150 వాట్లు కొనడం తప్పు కాదు, సగానికి తగ్గించి వాడుకోవచ్చు, కానీ ఆ తేడా డబ్బుతో మంచి ఆర్‌ఓ యూనిట్ వస్తుంది, అది మీ కోరల్స్‌కి ఎక్కువ మేలు చేస్తుంది. షాపతను చెప్పిన తెల్ల లైటు మాత్రం వద్దు, ఎందుకో కింద గుంటూరు పాఠకురాలికి రాసిన దాంట్లో చూడండి.

ప్రశ్న (విజయవాడ): కొత్త లైటు పెట్టి పది రోజులైంది. లెదర్ కోరల్ ముడుచుకుపోయింది, జోవాంథిడ్స్ రంగు వెలిసి పాలిపోయాయి. వెలుతురు చాలట్లేదేమోనని నిన్న ఇంకా పెంచాను. చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: అండీ, ఇది చదవగానే లైటు తగ్గించేయండి. రేపటి దాకా ఆగకండి. ఇప్పుడున్న దాంట్లో సగానికి దించి, వీలైతే ఇంకో పది సెంటీమీటర్లు పైకి జరపండి.

నేనూ ఇదే తప్పు చేశాను. మొదటి తొట్టెకి మంచి లైటు కొన్న సంతోషంలో మొదటి రోజే వంద శాతం పెట్టాను. అంతకు ముందు పాత ట్యూబు కింద రెండేళ్లు పెరిగిన లెదర్ కోరల్ ఒకటి అందులో ఉండేది, నా అరచేతంత. ఐదో రోజుకి ముడుచుకుంది, వారానికి అంచులు తెల్లబడ్డాయి, మూడో వారానికి మెత్తబడి కుళ్లిపోయింది. వెలుతురు ఎక్కువైందని నాకు తట్టనే లేదు, నీళ్లలోనే ఏదో లోపం ఉందనుకుని రెండు రోజులకోసారి నీళ్లు మార్చాను, దాంతో దానికి ఇంకా హింస పెట్టినట్టయింది. ఆ రెండేళ్ల ప్రాణి నా చేతుల్లో పోయింది. ఇప్పుడు ఎవరు కొత్త లైటు కొన్నామన్నా నేను ముందడిగేది ఎంత శాతంలో మొదలుపెట్టారనే.

జరిగేదేమిటంటే, వెలుతురు ఒక్కసారి పెరిగితే కండలోని పాచి తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ పని చేయాల్సి వస్తుంది, ఆ ఒత్తిడిలో కోరల్‌ని దెబ్బతీసే రకం ఆక్సిజన్ పుడుతుంది. కోరల్ తనను తాను కాపాడుకోవడానికి ఆ పాచిని బయటికి నెట్టేస్తుంది. పాలిపోవడం అంటే అదే. సముద్రంలో వేడి ఎక్కువైనప్పుడు పగడాలు తెల్లబడటానికి వెనకున్న కథ కూడా ఇంచుమించు ఇదే.

వెలుతురు చాలనప్పుడు దీనికి తలకిందులుగా ఉంటుంది: దొరికిన కొద్ది వెలుతురుని పట్టుకోవడానికి పాచి ఎక్కువవుతుంది, కోరల్ గోధుమ రంగులోకి తిరుగుతుంది, జోవాంథిడ్స్ మెడలు చాచి పైకి సాగుతాయి. కాబట్టి గోధుమ రంగుకి తిరిగి సాగుతుంటే వెలుతురు తక్కువ, తెల్లబడి ముడుచుకుంటుంటే ఎక్కువ. ఈ రెండూ గుర్తుంటే మీటరు లేకపోయినా చాలా వరకు నెట్టుకురావచ్చు. లెదర్ కోరల్ ఒక్కటి కాస్త మోసం చేస్తుంది, అది అప్పుడప్పుడూ పై పొరని వదిలించుకోవడానికి వారం దాకా ముడుచుకుని మైనం పూసినట్టు కనిపిస్తుంది, అది మామూలే. మీ దగ్గర జోవాంథిడ్స్ కూడా పాలిపోయాయి కాబట్టి ఇది అది కాదు.

సగంలో రెండు వారాలు వదిలేయండి. రంగు తిరిగి రావడం మొదలయ్యాక వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి, అంతకు మించి వద్దు. కొత్త కోరల్ తెచ్చినప్పుడల్లా ముందు ఇసుక మీద పెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పైకి తీసుకెళ్లండి. జోవాంథిడ్స్‌ని చేత్తో జరిపేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి పట్టుకున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో వేయకండి, ఉడికించకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి.

ప్రశ్న (భీమవరం): మాకు రొయ్యల చెరువులున్నాయి, పదిహేనేళ్లుగా ఉప్పునీళ్లతోనే మా బతుకు. ఇంట్లో పిల్లల కోసం చిన్న రీఫ్ ట్యాంకు పెట్టాను. లైటు వేసిన నెలకే గాజంతా ముందు గోధుమ రంగు, తర్వాత పచ్చ పాచి. లైటు ఆపేస్తే పోతుందా? చెరువులో అయితే నీళ్లకి కలర్ రావాలనే చూస్తాం కదా.

జవాబు: మీ అనుభవం సగం పనికొస్తుంది, సగం తిప్పి వాడాలి. చెరువులో మీరు తవుడూ బెల్లం పులియబెట్టి పోసి మరీ ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) తెప్పిస్తారు, నీళ్లకి కలర్ రాకపోతే నిద్ర పట్టదు. ఇక్కడ నీళ్లు గాజులా ఉండాలి, ఎందుకంటే నీళ్లలో ఉన్న ప్లాంక్టన్ తినే వెలుతురు కోరల్‌కి అందదు. పార మునిగినంత లోతుకే చీకటి పడే చెరువులో కోరల్ బతకదు.

మొదట వచ్చిన గోధుమ పొర డయాటమ్స్ అనే సూక్ష్మ పాచి. కొత్త తొట్టెలో అవి రావడం, కొన్ని వారాల్లో పోవడం మామూలే. తర్వాత వచ్చిన పచ్చ పాచికి లైటు ఒక్కటే కారణం కాదు, లైటు దానికి పొయ్యి లాంటిది, వండే సరుకు నీళ్లలో ఉంది. బోరు నీళ్లు గానీ చెరువుకి పెట్టే కాలువ నీళ్లు గానీ వాడుతుంటే ఆపేయండి. ఆర్‌ఓ, దాని వెనక డీఐ (మిగిలిన లవణాల్ని కూడా తీసేసే ఫిల్టర్) పెట్టి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపించే నీళ్లలో రీఫ్ సాల్ట్ కలపండి. సెలైనిటీ, అంటే ఉప్పదనం, వెయ్యికి 35 దగ్గర నిలపండి, దాన్ని కొలవడానికి మీ చెరువు రిఫ్రాక్టోమీటరే చాలు, ఒకసారి 35 స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకోండి. నైట్రేట్ 5, 10 పీపీఎం మధ్య, ఫాస్ఫేట్ 0.1 పీపీఎం లోపు ఉంటే నిశ్చింత. రెండింటినీ సున్నాకి దించే ప్రయత్నం వద్దు, అప్పుడు ఇంతకన్నా మొండి రకం జిగురు పాచి వస్తుంది.

లైటు పూర్తిగా ఆపొద్దు. తెల్ల రంగు 10, 15 శాతానికి దించి, నీలం అలాగే ఉంచి, రోజుకి ఎనిమిది గంటలే వెలిగించండి. పిల్లలు సరదాపడి చేపలకి మేత ఎక్కువేస్తున్నారేమో కూడా చూడండి. చెరువులో మేత మిగిలిందో లేదో చెక్ ట్రేలో చూసి వేసే మీకు ఇది నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న (విశాఖపట్నం): సముద్రం పక్కనే ఉంటాం. రాళ్ల దగ్గర ఈతకెళ్లినప్పుడు చిన్న చిన్న పగడాలు కనిపిస్తాయి. ఒకటి రెండు తెచ్చి బాల్కనీలో ఎండ పడే చోట తొట్టెలో పెడితే లైటు ఖర్చు తప్పుతుంది కదా?

జవాబు: వద్దు, దయచేసి వద్దు. గట్టి పగడాలన్నీ, వాటితో పాటు నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులిని చంపితే ఏ షెడ్యూల్ కింద కేసు పెడతారో ఇదీ అదే షెడ్యూల్. చిన్న ముక్క విరిచినా నేరమే, జైలు శిక్ష మూడేళ్ల నుంచి మొదలవుతుంది. లైవ్ రాక్ పేరుతో మన సముద్రం నుంచి తీసి అమ్మే రాళ్లు కూడా చాలా వరకు పగడపు అస్థిపంజరాలే, అవీ కొనకండి. సిరామిక్ రాళ్లు, సిమెంటుతో చేసినవి దొరుకుతాయి, కొన్ని నెలల్లో వాటిమీదా ప్రాణం పుడుతుంది. కోరల్ విషయానికొస్తే, దిగుమతి పత్రాలు, బిల్లు చూపించగలిగిన చోట మెత్తని రకాలే తీసుకోండి. పత్రాలు అడిగితే మాట దాటేసే వాళ్ల దగ్గర ఎంత చవకైనా వదిలేయండి.

చట్టం ఒక్కటే అయితే ఇంతగా బతిమాలను. మన ఆంధ్ర తీరంలో లక్షద్వీప్, అండమాన్‌లలోలా పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ ఏటా మోసుకొచ్చే ఒండ్రుతో నీళ్లు మసకబారుతాయి, వెలుతురు కిందికి దిగదు, వానల్లో తీపినీరు కలిసి ఉప్పు కూడా పడిపోతుంది. అంత మసకలో, అంత ఒడిదుడుకుల్లో ఆ రాళ్లని పట్టుకుని బతుకుతున్న పగడాలు అవి. వాటిని చూసి రావడమే మనం చేయగలిగిన మంచి పని.

ఇక ఎండ సంగతి. సముద్రంలో ఎండ బాగానే ఉంటుంది, కింద వేల కోట్ల లీటర్ల నీళ్లున్నాయి కాబట్టి. మీ బాల్కనీలో 50 లీటర్ల మీద గంటసేపు నేరుగా పడితే నీళ్లు కాగిపోతాయి. పైగా సూర్యుణ్ని మనం తగ్గించి పెంచలేం. తొట్టె ఎండ పడని గోడ పక్కనే పెట్టండి.

ప్రశ్న (గుంటూరు): మావారికి రీఫ్ ట్యాంకంటే పిచ్చి. లైటు ఎప్పుడు చూసినా నీలంగానే ఉంటుంది, ఇల్లంతా జాతరలో రంగుల రాట్నం దగ్గర నిలబడినట్టుంది. తెల్లగా పెట్టమంటే కోరల్స్ చచ్చిపోతాయంటారు. నిజమేనా? ట్యాంకు పడకగదిలో ఉంది, పిల్లల కళ్లకి ఏమైనా అవుతుందా?

జవాబు: చచ్చిపోవమ్మా. కాస్త తెలుపు కలిస్తే ఏం కాదు, మీ ఇద్దరికీ నచ్చే మధ్యేమార్గం ఉంది.

నీలం ఎందుకంటే, సముద్రపు నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి, తర్వాత నారింజ, పసుపు. పది మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఎరుపు దాదాపు ఉండదు, అక్కడికి చేరేది ఎక్కువగా నీలమే. పగడాల్లోని పాచి తరతరాలుగా ఆ నీలానికే అలవాటు పడింది, దాన్నే బాగా వాడుకుంటుంది. రెండో కారణం మీవారికి నచ్చేది: కోరల్స్‌లో నీలాన్ని పీల్చుకుని పచ్చగా, ఎర్రగా తిరిగి వెలిగే ప్రోటీన్లుంటాయి, నీలం లైటులోనే ఆ రంగులు బయటపడతాయి. ఇలాంటి పచ్చ ప్రోటీన్ ఒకటి జెల్లీఫిష్‌లో దొరికితే, దాని మీద చేసిన పనికి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఎర్ర ప్రోటీన్ మాత్రం 1999లో డిస్కోసోమా నుంచి తీశారు, అంటే మీ ఇంట్లో రాయి మీద ఉన్న మష్రూమ్ కోరల్ జాతే. ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో కణాలకి రంగు వేసి చూడటానికి వాటినే వాడుతున్నారు. ఈ సంగతి తెలిశాక నాకు ఆ నీలం మీద గౌరవం పెరిగింది.

సాయంత్రం మీరందరూ ఆ గదిలో కూర్చునే రెండు మూడు గంటలు తెలుపు కాస్త పెంచి, పొద్దునా చివర్లో నీలం మాత్రమే ఉండేలా టైమర్‌లో పెట్టించండి. అలా పెట్టినా తెల్ల రంగు 20, 25 శాతం దాటకపోతే గాజు మీద పాచి బెడద ఉండదు. ఎవరైనా ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి నీలంలో వెలుతురు లేదని చూపిస్తే మాత్రం ఒప్పుకోకండి, లక్స్ మన కంటికి ఆకుపచ్చ దగ్గర ఎంత కనబడుతుందో చెప్పే కొలత, నీలాన్ని అది చాలా తక్కువగా చూపిస్తుంది.

కళ్ల మాటకొస్తే, గదిలో తిరుగుతూ తొట్టె చూస్తే ఏమీ కాదు. లైటు కిందికి తల పెట్టి నేరుగా ఎల్‌ఈడీల్లోకి చూడటం ఎవరికీ మంచిది కాదు, అలా చూసేది పెద్దవాళ్ల కంటే చిన్న పిల్లలే. తొట్టె అంచు చుట్టూ లైటుకి చిన్న అడ్డు పెడితే సరిపోతుంది. నిద్రకి మాత్రం నీలం చెరుపే, పిల్లలు పడుకునే వేళకి గంట ముందే ఆగిపోయేలా పెట్టండి. నా మాటగా మీవారికి చెప్పండి, వీలున్నప్పుడు తొట్టెని హాల్లోకి మార్చమని.

ప్రశ్న (వరంగల్): మే నెలలో ట్యాంకు నీళ్లు 33 డిగ్రీలు దాటుతున్నాయి. ఎల్‌ఈడీ వేడికేనా? కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద లైటు వేయాలా?

జవాబు: వేడి లైటుది కాదు, మన ఎండలది. ఎల్‌ఈడీ వేడి చాలా వరకు దాని వెనకున్న అల్యూమినియం నుంచి పైకి పోతుంది, పైన మూత పెట్టి బిగిస్తేనే నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి మూత తీసేసి జాలీ వేయండి, చేపలు దూకకుండా. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. మీ దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్‌తోనే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కోస్తాలో ఉక్కపోతకి అంత పని చేయదు. ఫ్యాన్ తిప్పితే రోజుకి లీటరు పైగా నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది, కాబట్టి ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి. 30 లోపు తేలేకపోతే నీళ్లని చల్లబరిచే చిల్లర్ గానీ ఏసీ గది గానీ తప్పదు. ఆ ఎండల రోజుల్లో లైటుని మధ్యాహ్నం నుంచి రాత్రికి మార్చండి, శాతం కూడా కాస్త తగ్గించండి. వేడీ వెలుతురూ రెండూ కలిసి దెబ్బకొడితే కోరల్ తట్టుకోలేదు.

ఇన్వర్టర్ మీద నీళ్లని కదిలించే పంపు, అంటే వేవ్‌మేకర్ పెట్టండి, లైటు వద్దు. ఒకటి రెండు రోజులు చీకట్లో ఉన్నా కోరల్‌కి ఏం కాదు, నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ పడిపోయి కొన్ని గంటల్లోనే చేపలు పోతాయి.

ప్రశ్న (ఒంగోలు): జాతకంలో కుజదోషం ఉందని ఉంగరంలో పగడం పెట్టుకున్నాను. ఆ ఎర్ర పగడాన్నే ఇంట్లో పెంచుకోవచ్చా? దానికి ఏ లైటు కావాలి?

జవాబు: దానికి లైటుతోనే పని లేదండీ. నగల్లో వాడే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో గుహల్లో, రాతి నెర్రెల్లో, వెలుతురు సరిగా పడని చోట పెరుగుతుంది. దాని ఒంట్లో పాచి ఉండదు, నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని పట్టి తింటుంది. పెరుగుదల ఎంత మెల్లగా అంటే మీ ఉంగరంలో రాయి అంత మందం కావడానికి పదుల ఏళ్లు పట్టి ఉంటుంది. ఇంట్లో పెంచే రకం కాదు, ఉన్న ఉంగరాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): ఇక్కడ ఒకాయన పాత 250 వాట్ల మెటల్ హాలైడ్ లైటు చాలా తక్కువకి ఇస్తానంటున్నారు. నాది 20 గ్యాలన్ల ట్యాంకు. తీసుకోవచ్చా? పార్ మీటర్ కొనడం అవసరమా?

జవాబు: ఆ లైటు గొప్పదే. నీళ్లలో వెలుతురు అలలు అలలుగా నాట్యం చేసే అందం ఇప్పటికీ దానిదే, నాకూ చాలా ఇష్టం. కానీ 20 గ్యాలన్లకి 250 వాట్లంటే మీరు ఆ వేడిని ఏసీతోనూ చిల్లర్‌తోనూ బయటికి తోడుకుంటూ ఉండాలి, టెక్సస్ ఎండాకాలంలో అది మీ కరెంటు బిల్లులో కనిపిస్తుంది. బల్బు ఏడాదికోసారి మార్చాలి. పైగా రెండు చివర్ల పిన్నులుండే రకం బల్బుకి ముందు గాజు పలక తప్పనిసరి, అది లేకపోతే అతినీలలోహిత కిరణాలు కోరల్స్‌నీ మీ చర్మాన్నీ కాలుస్తాయి. వదిలేయమనే నా సలహా.

మీటరు కొనకండి, అద్దెకి తీసుకోండి. అపోజీ ఎంక్యూ-510 నీళ్లలో కొలవడానికే చేసింది, కానీ ఒక్క తొట్టె కోసం అంత ఖర్చు అనవసరం. అమెరికాలో చాలా ఊళ్లలో రీఫ్ క్లబ్బులు, షాపులు దీన్ని కొద్ది రోజులకి ఇస్తాయి. ఇసుక మీద మధ్యలో, నాలుగు మూలల్లో, రాళ్ల పైన, రాళ్ల నీడలో కొలిచి ఒక కాగితం మీద తొట్టె బొమ్మ గీసి అంకెలు రాసుకోండి. లైటు ఎత్తు, శాతం కూడా అదే కాగితం మీద రాయండి. ఆ కాగితం మీకు ఏళ్ల తరబడి పనికొస్తుంది. మీ క్లబ్బులో వాళ్లు కోరల్ ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటారు, అలాంటప్పుడు వాళ్లింట్లో అది ఎంత పార్ కింద పెరిగిందో అడిగి తెచ్చుకోండి, అదే దగ్గర మొదలుపెట్టండి.

ప్రశ్న (తిరుపతి): బీటెక్ రెండో సంవత్సరం. 30 లీటర్ల ట్యాంకు ఉంది. లైటుకి పెద్దగా డబ్బు లేదు. ఎల్‌ఈడీ చిప్స్ కొని నేనే చేసుకుందామనుకుంటున్నాను. మొక్కలకి వాడే గులాబీ రంగు గ్రో లైట్ పనికొస్తుందా? కరెంటు ఎంత అవుతుంది?

జవాబు: తమ్ముడూ, గ్రో లైట్ వద్దు. దాంట్లో ఎరుపు ఎక్కువ, తొట్టెలో అది నీ కోరల్స్ కన్నా గాజు మీది పాచిని బాగా పెంచుతుంది.

సొంతంగా చేసుకోవడం మంచి ఆలోచన. 30 లీటర్లలో మష్రూమ్‌లు, కొన్ని జోవాంథిడ్స్ వరకు అయితే 15, 20 వాట్లు చాలు, కెసిల్ ఏ80 అనే చిన్న రీఫ్ లైటు కూడా 15 వాట్లదే. 450 నానోమీటర్ల దగ్గర ఉండే రాయల్ బ్లూ చిప్స్ ఎక్కువ, చల్లని తెలుపువి తక్కువ పెట్టు, మూడుకి ఒకటి చొప్పున. నీలానికి ఒక డ్రైవర్ (చిప్స్‌కి సరైన కరెంటు ఇచ్చే పెట్టె), తెలుపుకి ఒక డ్రైవర్, రెండూ డిమ్ అయ్యేవి. చిప్స్‌ని అల్యూమినియం హీట్‌సింక్ మీద థర్మల్ పేస్ట్ వేసి బిగించు, లేకపోతే ఆరు నెలల్లో వెలుగు పడిపోతుంది. 20 వాట్లు రోజుకి తొమ్మిది గంటలంటే నెలకి ఐదున్నర యూనిట్లు కూడా కాదు, ఆ మాట ఇంట్లో ధైర్యంగా చెప్పొచ్చు.

అయితే చిప్స్ ఆర్డర్ చేసే ముందు ఇంకో ఖర్చుంది. ఉప్పునీళ్లు చెమ్మలా పైకి లేచి ఎక్కడ పడితే అక్కడ తెల్లగా పేరుకుంటాయి, డ్రైవర్ల మీద, ప్లగ్గుల్లో, స్విచ్ బోర్డులో. ఆ ఉప్పు కరెంటుకి దారి చూపిస్తుంది. ట్యాంకు కరెంటు లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించు, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. హాస్టల్ గదిలో ఆ వీలు లేకపోతే ట్యాంకు ఇంటి దగ్గరే ఉంచు. డ్రైవర్లని తొట్టె మీద కాకుండా పక్కన గోడకి, డబ్బాలో పెట్టి బిగించు. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి వెళ్లే ముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా వదులు, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే కింద పడుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ప్రతిసారీ మెయిన్ ఆపు. లైటు తయారయ్యాక ఫోటో పంపించు, ఏ ఎత్తులో పెట్టావో, ఎన్ని చిప్స్ వాడావో రాయి, మొదట ఎంత శాతంలో వెలిగించాలో చూసి చెబుతాను.